గుమ్మడిపేటకు కొత్తగా వచ్చిన దయ్యాలకు సూచనలు

212వ రోజు
నీళ్ళు 71 రోజులకు సరిపోతాయి. ఓడ 97 రోజులకు వస్తుంది.

రెండో ఫిల్టర్ మార్చాను. పాతదానికి నల్లటి బురద వేలెడు మందాన పట్టింది. మూడో పంపు చప్పుడు కొంచెం మారింది. రేపు విప్పి చూడాలి.

సొరంగం కూలి ఇవాళ్టికి నలభై నాలుగు రోజులు. అప్పటినుంచి నీళ్ళకు కరిగించే మంచు రాలేదు. చంద్రుడి దక్షిణపు కొసన, ఎండ ఎన్నడూ తగలని ఈ గోతిలో మంచు కావలసినంత ఉంది. తవ్వి తెచ్చే మనిషే లేడు. మా స్థావరాన్ని మేం ముప్ఫై నలుగురం రేవు అని పిలుచుకుంటాం. ఈ రేవులో తవ్వుబండి నడపడం వచ్చినవాళ్ళు ఇద్దరే. సన్నిబాబు ఆ రోజు సొరంగంలోనే పోయాడు. దాలినాయుడు గారిని ముప్ఫై ఒక్క గంటల తర్వాత బండితో సహా ప్రాణాలతో బయటికి తీశారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కాని బండి మాటెత్తితే చాలు, చేతులు వణుకుతాయి. దూరం నుంచి బండిని నడిపే తీగలు రాళ్ళ కింద నలిగిపోయాయి. కొత్త తీగలైనా, కొత్త డ్రైవరైనా ఓడలోనే రావాలి.

మధ్యాహ్నం డాక్టర్ మెహరున్నీసా నీటి గదికి వచ్చింది. సాధారణంగా రాదు.

"రత్నంగారూ, గుమ్మడిపేట అని ఒక పాత వీడియో గేమ్ ఉందట. మీకు తెలుసా?"

"చిన్నప్పుడు అనకాపల్లిలో మా అక్కా నేనూ ఆడేవాళ్ళం. మూడుసార్లు పూర్తి చేశాం."

"అయితే మీరే. కొత్తవాళ్ళకి ఎలా ఆడాలో రాసి భోజనాల గదిలో అంటించాలి."

దాలినాయుడు గారి చేతులకు ఏదో ఒక పని కావాలట. ఆయన్ని ఒక్కరినే ఆడమంటే అది మందని తెలిసిపోతుంది కాబట్టి అందరూ ఆడాలట. జరిగేదంతా ఎక్కడైనా రాసి ఉంచమని కూడా అడిగింది. రోజూ రాసేది నేనొక్కదాన్నే కాబట్టి ఈ నీటి చిట్టాలోనే రాస్తున్నాను.

213వ రోజు
నీళ్ళు 70 రోజులకు.

మూడో పంపులో ఒక వాషరు చీలింది. మార్చాను.

గోడకు అంటించిన కాగితం నకలు ఇది:

గుమ్మడిపేటలో ఎప్పుడూ హాలోవీన్ సాయంత్రమే. గుమ్మడికాయలకు కళ్ళూ మూతీ కోసి లోపల దీపం పెడతారు. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మీరు ఆ ఊరికి కొత్తగా వచ్చిన దయ్యం. ఏడు ఇళ్ళలో మనుషుల్ని ఉలిక్కిపడేలా చేస్తే మీకు దయ్యం పట్టా ఇస్తారు.

మొదట్లోనే సంచిలో ఉన్న చాక్లెట్లన్నీ తినేయకండి. ఒక్కో చాక్లెట్టుకు కొంత ధైర్యం వస్తుంది. మొదటి ఇంట్లో ఉండే అవ్వ దగ్గర ధైర్యం అవసరమే లేదు. వంగి నమస్కారం పెడితే ఆవిడే నవ్వి పంపిస్తుంది.

తోడుగా ఒకరిని ఎంచుకోమంటారు. అందరూ మంత్రగత్తెను ఎంచుకుంటారు. ఆమెకు పిల్లులంటే తుమ్ములు, ఊరి నిండా పిల్లులే. మీరు అస్థిపంజరాన్ని తీసుకోండి. నడక నెమ్మది, మాటలు ఎక్కువ. కాని తన చెయ్యి తానే ఊడదీసి అటక మీదికి విసురుతాడు. ఆ చెయ్యి చాక్లెట్లు ఏరుకుని తిరిగి వస్తుంది.

ప్రతి ఇంట్లోనూ ఒక పోటీ ఉంటుంది, అందులో ఎవరినీ కొట్టక్కర్లేదు. ఎదుటివాడు ఉలిక్కిపడితే ఒక పాయింటు, నవ్వితే రెండు.

ఓడిపోతే కంగారు పడకండి. ఈ ఆటలో ఎవరూ చచ్చిపోరు. గుమ్మడికాయల బండి పక్కన మళ్ళీ లేస్తారు.

డాక్టర్ చివరి పేరా రెండుసార్లు చదివింది. "ఇది ఉంచుదామా?" అంది. ఆటలో అది నిజమే కదా అన్నాను. ఉంచింది.

218వ రోజు
నీళ్ళు 65 రోజులకు. ఓడ 91 రోజులకు.

వెల్డింగు వాళ్ళు, వంటగది వాళ్ళు అందరూ ఆడుతున్నారు. మా అధికారి ప్రభుదాసు గారు అవ్వ ఇంట్లోనే మూడుసార్లు ఓడిపోయారు. నమస్కారం పెట్టడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు.

ఇవాళ దాలినాయుడు గారు వచ్చారు. టీ గ్లాసుతో గోడ దగ్గర నిలబడి కాగితం మొత్తం చదివారు.

"ఇది నువ్వు రాసేవేటమ్మా?"

"అవునన్నయ్యా."

"మంత్రగత్తెని ఒగ్గీసి ఈ ఎముకలోడిని తీసుకోమంటావేటి?"

"తీసుకుని చూడు."

తీసుకున్నారు. అస్థిపంజరం మొదటి వీధి మలుపులోనే కాలు ఊడి పడిపోయి, పడిన చోటినుంచే వాతావరణం గురించి మాట్లాడతాడు. ఆయన నవ్వారు. యాభై రోజుల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు. డాక్టర్ అన్నం కలుపుకుంటూ ఆయన చేతుల వంకే చూసింది. కంట్రోలర్ మీద వేళ్ళు నిలకడగానే ఉన్నాయి.

224వ రోజు
నీళ్ళు కోతతో లెక్కిస్తే 63 రోజులకు. ఓడ 85 రోజులకు.

ఇవాళ్టినుంచి మనిషికి రోజుకు ఆరు లీటర్లు. స్నానాలు ఆపేశాం. వంటగది శైలజ జుట్టు కత్తిరించుకుంది. ఇంకో నలుగురు ఆమె వెనకే వరస కట్టారు. నేను కత్తెర పట్టుకున్నాను.

దాలినాయుడు గారు నాలుగు ఇళ్ళు పూర్తి చేశారు. అందరికంటే ముందున్నారు. పక్కవాళ్ళకు సలహాలు చెబుతున్నారు: "అటక సూడకుండా ఎల్లిపోకు బావూ." ఉదయం డాక్టర్ ఆయన్ను షెడ్డులోకి తీసుకువెళ్ళింది. తవ్వుబండి నిచ్చెన మీద చెయ్యి వేసి పది నిమిషాలు నిలబడ్డారట. తర్వాత చెయ్యి తీసేసి వచ్చేశారు.

చీకటంటే భయం అని డాక్టర్ నిర్ధారణ. క్యాబిన్‌లో ముప్ఫై ఒక్క గంటలు దీపాలు పగిలి వెలుగు లేకుండా ఉన్నారు కాబట్టి అది సహజమే అంది. ఆటలో ఎక్కడైనా చీకటి ఉందా అని అడిగింది. ఐదో ఇంట్లో నేలమాళిగ ఉందని చెప్పాను. మెట్లు దిగగానే లాంతరు ఆరిపోతుంది. గోడలు తడుముకుంటూ అటు చివరికి వెళ్ళాలి.

"మంచిది. ముందుగా చెప్పకండి. అది దాటగలిగితే క్యాబిన్ కూడా దాటతారు," అంది.

నేను చెప్పలేదు.

227వ రోజు
నీళ్ళు 60 రోజులకు.

పదకొండు గంటలకు దాలినాయుడు గారు నేలమాళిగలోకి దిగారు. వెనక ఏడెనిమిది మంది చూస్తున్నారు. లాంతరు ఆరింది. తెరంతా నలుపు. ఆయన తడబడలేదు. ఎడమ గోడ పట్టుకుని నెమ్మదిగా నడిపించారు. సగం దూరం హాయిగా వెళ్ళారు.

అప్పుడు వెనకనుంచి అస్థిపంజరం పిలిచాడు. "ఉన్నావా?"

నేలమాళిగలో తోడున్నవాడు వెనకబడిపోతాడు. పిలిచిన ప్రతిసారీ ఒక బొత్తాం నొక్కి "ఉన్నాను" అని బదులివ్వాలి. ఇవ్వకపోతే వాడు ఉన్నచోటే కూర్చుండిపోతాడు. ఈ సంగతి నాకు తెలుసు. కాగితంలో రాయలేదు.

"ఉన్నావా?" రెండోసారి.

శైలజ వెనకనుంచి "పసుపు బొత్తాం అన్నయ్యా, పసుపుది" అంది. ఆయన బొటనవేలు పసుపు బొత్తాం మీదే ఉంది. నొక్కలేదు.

మూడోసారి పిలిచాక కంట్రోలర్ బల్ల మీద పెట్టారు. చాలా జాగ్రత్తగా, గాజు సామాను పెట్టినట్టు పెట్టారు. లేచి వెళ్ళిపోయారు. తెర మీద అస్థిపంజరం ఇంకో రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

231వ రోజు
నీళ్ళు 56 రోజులకు. ఓడ 78 రోజులకు.

ఆయన నాలుగు రోజులుగా గది దాటి రాలేదు. భోజనం పళ్ళెం సగం తిని బయట పెడుతున్నారు.

కాగితంలో ఒక సూచన కలిపాను: నేలమాళిగలో దీపం ఆరుతుంది, తోడున్నవాడు పిలుస్తాడు, పసుపు బొత్తాం నొక్కండి. కష్టంగా ఉంటే తోడు లేకుండా కూడా దిగవచ్చు. దాని నకలు ఒకటి పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాది తప్పన్నయ్యా. చీకటి ఉంటుందని ముందే చెప్పాల్సింది."

"సీకటి గాదమ్మా," అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా ఒకే ధాటిగా చెప్పారు.

"సన్నిబాబు బండి నాకు నలభై మీటర్ల ముందుంది. మా మధ్యన రాళ్ళు. ఆడి బండికి ఎక్కడో సిల్లు పడింది, గాలి పోతంది. రేడియో మటుకు బాగుంది. రెండు పక్కలా బాగుంది. పద్నాలుగు గంటలు మాటాడుకున్నాం. ఆడి కూతురు పెళ్ళి గురించి, మా ఊరి జాతర గురించి, ఏటేటో. తరవాత ఆడికి ఊపిరి అందటం మానీసింది. మాట రావట్లేదు. 'ఉన్నావా మావా' అనీవోడు. నాను 'ఉన్నాన్రా' అనీవోణ్ణి. మళ్ళీ రెండు నిమిషాలకి 'ఉన్నావా మావా'. గంటసేపు అలగే. ఇంక నావల్ల కాలేదు రత్నం. రేడియో కట్టీసేను."

జేబులోని కాగితం బయటికి తీసి మళ్ళీ మడిచారు.

"బ్యాటరీ మిగుల్తాదని నాకు నానే సెప్పుకున్నాను. బ్యాటరీ బోల్డంత ఉంది. ఆ తరవాత కూడా ఆడి రేడియో మూడు గంటలు పన్చేసింది. బయటికొచ్చేక నా బండి రికార్డులో సూసేను, ఇంకెవులూ సూడనేదు. ఆ మూడు గంటలూ ఆడు పిలుస్తానే ఉన్నాడో, లేడో. నాకు తెల్దు."

విచారణ కాగితంలో కూలినప్పుడే రేడియో పాడైపోయిందని ఉంది. ఆయన సంతకం కూడా ఉంది.

ఇది చిట్టాలో రాయనా మానెయ్యనా అని అడిగాను.

"రాయమ్మా. ఎక్కడో ఒక దగ్గర ఉండాల గదా."

233వ రోజు
నీళ్ళు 54 రోజులకు. ఓడ 76 రోజులకు.

ఆయన అనుమతితో డాక్టర్‌కు చెప్పాను. ఆమె చాలాసేపు తన ఫైలు చూసుకుంది. "నేను వేరే జబ్బుకు మందిచ్చాను," అంది.

ప్రభుదాసు గారి గదిలో నలుగురం కూర్చున్నాం. ఇరవై రెండు రోజుల నీళ్ళు తక్కువ. ఇంకా కోస్తే మొదట మొక్కల గది పోతుంది, తర్వాత మనుషులు మంచం పడతారు.

దాలినాయుడు గారు నేల చూస్తూ మాట్లాడారు. "నాను ఎక్కలేను బాబూ. ఎక్కితే ఆ రేడియో సూసి దిగిపోతాను. మధ్యలో దిగిపోతే ఇంకో మనిషి పోతాడు. కావలిస్తే నేర్పుతాను. రత్నానికి నేర్పుతాను."

"రత్నానికేనా? ఎందుకు?" అన్నారు ప్రభుదాసు గారు.

"తప్పు నొక్కితే కంగారు పడదు. మళ్ళీ నొక్కుతాది."

నన్నెవరూ అడగలేదు. కొంతసేపటికి అడిగారు. సరే అన్నాను. భయం వేసింది. అది ఇక్కడ రాస్తున్నాను కాబట్టి మళ్ళీ రాయను.

240వ రోజు
నీళ్ళు 47 రోజులకు.

ఏడు రోజులుగా పొద్దున పంపులు, మధ్యాహ్నం షెడ్డు. నేను క్యాబిన్‌లో కూర్చుంటాను, ఆయన కింద నేల మీద నిలబడి అరుస్తారు. నాకు ఎడమా కుడీ తేడా తెలియడం లేదని నిన్న రెండు మీటల మీద గుమ్మడికాయ బొమ్మ, గబ్బిలం బొమ్మ అంటించారు. ఇవాళ ఒక కాగితం ఇచ్చారు. ఆయన దస్తూరి చాలా పెద్దది.

కొత్తవాళ్ళకి సూచనలు. ఎక్కగానే ఏదీ ముట్టుకోకు. ముందు కూకో. రెండు నిమిషాలు కూకున్నాక బండి నీకు అలవాటవుద్ది.

గుమ్మడికాయ లాగితే తవ్వే బరమా కిందికి. గబ్బిలం లాగితే ఎనక్కి. రెండూ ఒకేసారి లాగకు. లాగితే ఏటవుద్దో సెప్పను, లాగకు.

మంచు తెల్లగా ఉండదు. బొగ్గులాగ ఉంటాది. బరమా సప్పుడు మెత్తబడితే అదే మంచు.

పైకప్పు నించి ఇసక రాలితే ఆగు. గులకరాయి రాలితే ఎనక్కొచ్చీ. ఆలోసించకు.

ఆకలేస్తే తిను. ఆడాళ్ళు తినడం మర్సిపోతారు.

రేడియో గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. నేనూ అడగలేదు.

251వ రోజు
నీళ్ళు పొద్దున 36 రోజులకు. ఓడ 58 రోజులకు.

ఇవాళ దిగాను.

రేడియో దగ్గర వేరేవాళ్ళను కూర్చోబెడతానని నిన్న ప్రభుదాసు గారు అన్నారు. దాలినాయుడు గారు "నానే కూకుంటాను" అన్నారు.

ఎనిమిదింటికి మొదలుపెట్టాను. మొదటి గంట ఆయన గొంతు గట్టిగా, పొడిపొడిగా వచ్చింది. "గుమ్మడికాయ. ఆగు. ఇంకొంచెం. గబ్బిలం." కూలిన పాత సొరంగం దాటి పక్క సొరంగంలోకి తిరిగాను. దీపాల వెలుగులో మట్టి బూడిద రంగులో ఉంది. తొమ్మిదిన్నరకు ఒక మలుపు దాటాల్సి వచ్చింది. అక్కడి సిగ్నల్ పెట్టె కూలిన రోజే పోయింది. అటుపక్క రేడియో అందదని ముందే తెలుసు. అందకపోతే గంటలో వెనక్కి రమ్మని ఆజ్ఞ.

మలుపు తిరిగాక గొంతు తెగిపోయింది. బరమా దించాను. చప్పుడు మెత్తబడింది. బొగ్గులాంటి ముద్దలు తొట్టిలో పడ్డాయి. ఒకసారి ఇసుక రాలింది, ఆగాను. మళ్ళీ తవ్వాను. తొట్టి నిండడానికి నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ నలభై ఎనిమిది నిమిషాలూ ఎవరి మాటా వినిపించలేదు. నా ఊపిరి నాకే చాలా పెద్దగా వినిపించింది. వెనక్కి తిప్పి మలుపు దగ్గరికి వచ్చేసరికి రేడియోలో గరగర మొదలైంది. అందులోనుంచి ఒక గొంతు. బొంగురుపోయి ఉంది.

"మానాపురం దాటింది రత్నం. రామభద్రపురం ఒస్తంది. ఇక్కడ బస్సు పది నిమిషాలు ఆపుతాడు, బజ్జీలు బాగుంటాయి. ఉన్నావా రత్నం? బొబ్బిలి ఒస్తంది."

"ఉన్నానన్నయ్యా," అన్నాను.

అటునుంచి ఏమీ రాలేదు. మాట్లాడే బొత్తాం వదలకుండా నొక్కి పట్టుకునే ఉన్నారు కాబట్టి నా మాట ఆయనకు చేరలేదు. నాకు మాత్రం ఆయన ఊపిరి వినిపిస్తోంది. బొబ్బిలి దాటి పార్వతీపురం వరకు వెళ్ళారు. అప్పుడు ఒక్క క్షణం వేలు తీశారు.

"ఉన్నాను," అన్నాను మళ్ళీ.

"తిన్నావా?" అన్నారు.

ప్రభుదాసు గారు తర్వాత చెప్పారు. సిగ్నల్ అందదని అందరికీ తెలిసినా, ఆయన ఒక్క నిమిషం ఆపలేదట. చెప్పాల్సిన మాటలన్నీ అయిపోయాక విజయనగరం బస్టాండు నుంచి మొదలుపెట్టి ఊళ్ళ పేర్లు చదవడం ప్రారంభించారట. నేను విన్నది మూడో ట్రిప్పట.

తొట్టిలో నాలుగు టన్నులు. కరిగించి వడకడితే సగం మట్టి. మిగిలింది తొమ్మిది రోజుల నీళ్ళు.

259వ రోజు
నీళ్ళు 55 రోజులకు. ఓడ 50 రోజులకు.

మూడుసార్లు దిగాను. ఇక సరిపోతుంది. రేపటినుంచి వారానికి ఒక స్నానం ఇవ్వవచ్చు.

విచారణ కాగితం మార్చమని దాలినాయుడు గారు ప్రభుదాసు గారికి రాసి ఇచ్చారు. అది పైకి వెళ్ళకముందే సన్నిబాబు భార్యతో మాట్లాడాలన్నారు. ఆవిడ పేరు వరహాలమ్మ. సాలూరు దగ్గర ఉంటుంది. ఇక్కడినుంచి భూమికి మాట చేరడానికి సెకనుకు పైగా పడుతుంది, బదులు రావడానికి అంతే. అలవాటు లేనివాళ్ళకు ప్రతి మాట తర్వాతా అవతలివాళ్ళు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. నన్ను పక్కన కూర్చోమన్నారు. కూర్చున్నాను.

ఆయన నాకు చెప్పినట్టే ఆవిడకూ చెప్పారు. పద్నాలుగు గంటలు, ఆ తర్వాతి గంట, కట్టేయడం, మూడు గంటలు. బ్యాటరీ మాట కూడా చెప్పారు. తన మీద దయ కలిగేలా ఒక్క మాటైనా కలపలేదు.

చెప్పడం అయ్యాక సెకను గడిచింది. రెండోదీ గడిచింది. తర్వాత గడిచినవి దూరం వల్ల పట్టినవి కావు. నేను గోడ మీది గడియారం చూస్తూ ఉన్నాను. ముప్ఫై ఎనిమిది.

"నువ్వు కట్టీసేవు," అంది వరహాలమ్మ.

"కట్టీసేను తల్లీ."

"ఆ మూడు గంటల కోసం నాను నిన్ను ఏటీ అన్ను. ఏటనాలో నాకు తెల్దు. తరవాత అంటానేమో, అప్పుడు పడు."

"పడతాను."

మళ్ళీ ఆలస్యం. ఈసారి ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

"అంతకు ముందు పద్నాలుగు గంటలు మాటాడేడన్నావు గదా. ఇంతవరకు ఆ సంగతి నాకెవులూ సెప్పనేదు. ఏటి మాటాడేడు? మొదట్నించీ సెప్పు. ఏదీ ఒగ్గకు."

దాలినాయుడు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మొదట తిట్టేడమ్మా," అన్నారు. "నా బండి నడకని తిట్టేడు. తరవాత మీ సిన్నమ్మాయి పెళ్ళికి ఏ రంగు సీర కొనాలో..."

నేను లేచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. అది పదింటికి. ఇప్పుడు నాలుగైంది. రెండో ఫిల్టర్ కడిగాను, ట్యాంకు మట్టం రాశాను, మధ్యలో ఆ గదిలోకి రెండు గ్లాసుల నీళ్ళు పంపాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.